పీర్ల పండక్కు నిండే బావి

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. మా శాఖలోనే కొత్తగా చేరిందట, నంద్యాలకే వేశారట. ఎవరో నా నంబరు ఇచ్చారు. "మేడమ్, మొదటిసారి గనికి వెళ్తున్నాను. ఏమేం తీసుకెళ్లాలి?" అని అడిగింది. టోపీ, బూట్లు, ఫైళ్ల సంగతి ఆఫీసువాళ్లే చెబుతారు కదా అని, "పెద్ద నీళ్ల సీసా ఒకటి తీసుకెళ్లు తల్లీ" అన్నాను. ఆ పిల్ల నేను ఎండల గురించి చెబుతున్నాననుకుంది. "అవును మేడమ్, ఇక్కడి ఎండలు మామూలువి కావట కదా" అంది. ఫోన్లో అంత కథ చెప్పలేక ఊరుకున్నాను. ఇప్పుడు తీరిక ఉంది కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

గనులు, క్రషర్లు, ఫ్యాక్టరీలు చుట్టుపక్కల గాలినీ నీళ్లనూ ఏం చేస్తున్నాయో చూసి రాయడం నా పని. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. నాకొచ్చిన ప్రమోషన్లు, రాని ప్రమోషన్లు ఎవరికి కావాలి? వాటి జోలికి పోను. ఊరి పేరు, కంపెనీ పేరు కూడా రాయను. అక్కడ ఇంకా మనుషులు బతుకుతున్నారు. నా మూలంగా వాళ్లు మళ్లీ కొట్టుకోవడం నాకిష్టం లేదు.

సీసా సంగతి

నా మొదటి ఆఫీసరు విశ్వనాథం గారు. మనిషి సన్నగా ఉండేవారు, నోరు మాత్రం మహా పదును. నన్ను తొలిసారి ఒక సున్నపురాయి గనికి తీసుకెళ్లింది ఆయనే. మే నెల. గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెట్టి, కుండలో చల్లబెట్టిన మజ్జిగ తెచ్చారు. పైన కొత్తిమీర కూడా వేశారు, ఇప్పటికీ గుర్తుంది. నా చెయ్యి గ్లాసు వైపు పోయింది. ఆయన కళ్లతోనే ఆపేశారు.

జీపెక్కాక అన్నారు: "ఇక్కడ నీళ్లు తాగావంటే రేపు రిపోర్టులో నీళ్లు నములుతావు."

"మరి ఊళ్లోవాళ్లిస్తే సార్?"

"ఊళ్లోనూ వద్దు. ఊరివాళ్లింట్లో టీ తాగిందని కంపెనీవాడు కోర్టులో చెబుతాడు. నువ్వు రాసిన నిజమంతా ఆ టీతో కొట్టుకుపోతుంది. ఇంటి దగ్గర నింపుకో, ఇంటికెళ్లి కడుక్కో."

ఆ నియమాన్ని నేను ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పాటించాను. చెట్టు నీడన జీపు ఆపుకుని, నా డబ్బా నేను తెరుచుకుని తినేదాన్ని. మా డ్రైవరు బాషాకి ఈ బాధలేం లేవు. ఏ ఊరికి పోయినా అర గంటలో ఎవరో ఒక బావనో మామనో వెతుక్కుని, కొర్రన్నమో జొన్నరొట్టో కడుపారా తిని తేన్చుకుంటూ వచ్చేవాడు. "రాండి మేడమ్, పచ్చిమిరపకాయలు రోట్లో నూరి ఊరిబిండి చేసినారు, ప్రాణం లేచొస్తాది" అని ఊరించేవాడు కూడా. నేను పెరుగన్నం కలుపుకుంటూ, "నువ్వు తిన్నావుగా, చాల్లే" అనేదాన్ని.

ఆ నియమం నాకు అంత సులువుగా అబ్బడానికి ఇంకో కారణం ఉంది. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. మేము నంద్యాలలో చర్చి పక్క వీధిలో పెరిగాం. కానీ మా అవ్వది కోయిలకుంట్ల పక్క పల్లె. సెలవులకు అక్కడికి పోతే, ఊరిబావి దగ్గర కాస్త దూరంగా బిందె పెట్టుకుని నిలబడాలి. ఎవరైనా దయతలచి పైనుంచి పోస్తే తెచ్చుకోవాలి. మా అవ్వ ఎండలో నిలబడి, "అమ్మా, మాకూ రొంత పొయ్యండమ్మా" అని అడగడం నా చెవుల్లో ఇంకా ఉంది. అందుకని ఏ ఊళ్లోనైనా ఎవరైనా చెంబు తెస్తుంటే, అది నా చేతికిస్తారా పైనుంచి పోస్తారా అని చూసే అవసరమే రానివ్వలేదు. "డ్యూటీలో తాగనమ్మా" అనేదాన్ని. బతుకంతా ఆ మాట నాకు బాగా పనికొచ్చింది.

ఊదకుంటే గీత కనపడదు

అసలు కథకు ముందు ఆళ్లగడ్డ సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ విగ్రహాలు చెక్కే వీధిలో దుమ్ము లేస్తోందని ఎవరో అర్జీ పెడితే పోయాను. రాయి కోసే మిషన్లు వచ్చిన కొత్త. వీధంతా తెల్లటి పొడి. సుబ్బాచారి అని పెద్దాయన, వరండాలో అమ్మవారి ముఖం చెక్కుతూ కూర్చున్నాడు. ఉలి దెబ్బ వేయడం, పొడిని నోటితో ఉఫ్‌మని ఊదడం, కళ్లు చికిలించి చూడటం, మళ్లీ దెబ్బ. మధ్యలో దగ్గు.

నేను తీసుకెళ్లిన, ముక్కుకు కట్టుకునే ముసుగు ఇచ్చాను. నా మాట మన్నించి కట్టుకున్నాడు. దెబ్బ వేశాడు. ముసుగు కిందికి లాగి ఊదాడు. మళ్లీ కట్టుకున్నాడు, మళ్లీ లాగాడు. చివరికి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఊదకుంటే గీత కనపడదు మేడమ్. గీత కనపడకుంటే అమ్మవారికి కన్ను వంకర పోతాది. ఇంక ఎవురు కొంటారు?"

ఆఫీసుకొచ్చి విశ్వనాథం గారిని ఏం చేద్దామని అడిగాను. "పొగగొట్టం ఉందా?" అన్నారు. లేదన్నాను. "మురుగు వదిలే కాలువ ఉందా?" అదీ లేదు. "అయితే ఆయన మన కంటికి కనపడడు" అన్నారు. ఆయనకూ బాధగానే ఉంది, చేతిలోని ఫైలు పక్కన పెట్టేశారు. నేను వేరే శాఖలకు రాశాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

తర్వాత ఆళ్లగడ్డ మీదుగా పోయినప్పుడల్లా ఆ వీధిలోకి మళ్లేదాన్ని. సుబ్బాచారి దగ్గు ముందు వినపడేది, ఉలి తర్వాత. ఒకసారి పోతే ఉలి మాత్రమే వినిపించింది. వాళ్లబ్బాయి కూర్చుని చెక్కుతున్నాడు, ఊదుతున్నాడు. ఈ పనిలో కొత్తగా చేరిన మీరెవరైనా ఆ వైపు పోతే, మీ కాగితాల్లో ఆ వీధి లేకపోయినా, ఒకసారి జీపు మలపండి.

ఓబులమ్మ

కోయిలకుంట్ల దారిలో లోపలికి ఒక ఊరు. ఊరికి ఉత్తరాన సున్నపురాయి గని. గని లోతుకు పోయేకొద్దీ అడుగున నీళ్లు ఊరుతాయి. పెద్ద మోటార్లు పెట్టి రాత్రీ పగలూ ఆ నీళ్లను తోడి వాగులోకి వదిలేస్తారు, లేకపోతే రాయి తీయలేరు. ఊళ్లో నాపరాతి మెట్లున్న దిగుడుబావి ఒకటుంది. ఊరంతా తాగేది ఆ నీళ్లే. గనిని ఇంకా లోతుకు, బావి వైపుకు తవ్వుకుంటామని కంపెనీ అనుమతి అడిగింది. అడిగినప్పుడు ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. అంతకు ముందే చుట్టూ తిరిగి చూడటానికి నేను పోయాను.

బావి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది, పక్కన ఖాళీ బిందె. పేరు ఓబులమ్మ. మొగుడు పోయాడు, రెండెకరాల శనగ చేను తనే చూసుకుంటుంది. నన్ను ఎగాదిగా చూసి, "కూచో" అంది. కూర్చున్నాను.

"ఏ ఊరు మీది?"

"నంద్యాల."

"ఏమోళ్లు?"

కులం సంగతి అంత మొహాన అడిగినవాళ్లు తక్కువ. "క్రైస్తవులం" అన్నాను. ఆమె ఇంకేం అడగలేదు. లోపలికి చూపించింది. మెట్లు అడుగుదాకా బయటపడి ఉన్నాయి. కింద రాతి సందుల్లో కాసిని నీళ్లు మెరుస్తున్నాయి. చెంబుతో తోడి బిందె నింపుకోవాలి.

"ఎప్పట్నుంచి ఇట్లా ఉంది?"

"ఆ గని లోతుకు పోయినప్పట్నుంచి. పీర్ల పండక్కు మాత్రం నిండుతాది."

"పీర్ల పండక్కా?"

"ఆఁ. పీర్లు లేసినాక దినదినానికి మెట్టు మెట్టు పైకొస్తాయి నీళ్లు. ఆఖరి పొద్దు పీర్లను ఈడికి తెచ్చి కడుగుతాం గదా, అందుకని సామి తెచ్చుకుంటాడు. పీర్లు పోతే నీళ్లూ పోతాయి." ఆమె చేతులెత్తి దండం పెట్టింది. "అయ్యన్నీ వద్దులే, నాకొకటి చెప్పు మేడమ్. మా బాయి ఉంటాదా, పోతాదా?"

చూసి రాస్తానన్నాను. "అందురూ సూసేటోల్లే" అని ఆమె చెంబు తీసుకుని దిగింది.

ఎండు బావికి నీళ్లు

తిరిగొస్తూ బాషాను అడిగాను. వాడికి నా మొహంలో నవ్వు నచ్చలేదు. "నవ్వొద్దు మేడమ్. నిజమే. మా అత్తగారి ఊరు ఆ పక్కనే. ఆ బాయి నీళ్లతోనే పీర్లకు బెల్లం పానకం చేస్తారు. ఎండకాలంలో పండగ పడినా నిండుతాది" అన్నాడు. పీర్ల పండుగ ఏటా కాస్త ముందుకు జరుగుతుంది కదా. వానలకు నిండుతుందని సరిపెట్టుకోవడానికి లేదు.

ఆ ఏడు పండక్కు పోయాను. చావిడి ముందు గుండం, తప్పెట్లు, ఊదు పొగ. ఊళ్లో హిందువులూ ముస్లిములూ కలిసే పీర్లను ఎత్తుతారు. బావి దగ్గరికి పోయి చూశాను. మొన్న ఓబులమ్మ కూర్చున్న మెట్టు నీళ్లలో ఉంది. ఆడవాళ్లు పైమెట్టు మీద వంగి బిందెలు ముంచుకుంటున్నారు. నవ్వుకుంటున్నారు, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటున్నారు. ఓబులమ్మ నన్ను చూసి గ్లాసుతో పానకం తెచ్చింది. "డ్యూటీలో తాగను" అన్నాను. ఆమె గ్లాసు వెనక్కి తీసుకుని, "సామి పానకం గూడానా?" అంది. తలూపాను. గొంతు ఎండిపోయి ఉంది, యాలకుల వాసన వస్తోంది, నాకు ఏడుపొక్కటే తక్కువ.

అక్కడి నుంచి నేరుగా గనికి పోయాను. మేనేజరు మధుసూదన్ ఒక్కడే ఆఫీసులో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. గని అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరూ లేరేంటి?"

"పండక్కు పని యాడ మేడమ్? అందరూ పీర్ల కింద ఉంటారు. మోటారు ఆపరేటర్లతో సహా పోతారు. పండగ అయిపోయిందాకా ఈడ పిట్ట కూడా ఉండదు."

ఆ మాట అంటున్నప్పుడు అతనికి ఏమీ తట్టలేదు. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం ఏమిటో అప్పుడర్థమైంది. మోటార్లు ఆగాయి. గనిలోకి లాగబడే నీళ్లు బావిలోనే నిలబడ్డాయి. పండగ అయిపోతే మోటార్లు మొదలవుతాయి, నీళ్లు పోతాయి. ఊరు దాన్ని పీర్ల మహిమ అనుకుంది. కంపెనీకి కూడా అదే హాయి, ఎవరైనా బావి గురించి అడిగితే "అది దేవుడి సంగతి" అనేవారు.

అయితే పండక్కు చూసింది రుజువు కాదు. నేను మధుసూదన్‌ను అడిగాను: "పండగ కాని రోజుల్లో, మంచి ఎండల్లో, కొన్నాళ్లు మోటార్లు ఆపుతారా?" అతను నవ్వి ఒప్పుకున్నాడు. పీర్లు లేకుండా బావి నిండదని అతనూ మనసులో నమ్ముతున్నాడేమో. ఎండాకాలంలో ఆపాడు. నేను రోజూ పోయి బావిలో కొలత వేశాను. నీళ్లు మెట్టు తర్వాత మెట్టు ఎక్కాయి. పండగ లేదు, తప్పెట్లు లేవు. మధుసూదన్ నా పక్కనే నిలబడి చూశాడు. "నన్ను ముంచినారు మేడమ్" అన్నాడు. కానీ కొలతల కింద సంతకం పెట్టాడు. మంచి మనిషి. అలాంటి మేనేజర్లు అరుదు, దొరికితే గౌరవించండి.

ఊళ్లో కొందరికి కోపమొచ్చింది. దేవుడి పని మోటారుకు అంటగట్టానని. నేను భయపడుతూనే ఓబులమ్మకు చెప్పాను. ఆమె నీళ్ల వైపు చూస్తూ, "మోటార్లు ఆపిచ్చాలని నీకు బుద్ధి పుట్టిచ్చిందెవురంటావ్?" అంది.

షామియానా కింద

ప్రజాభిప్రాయ సేకరణలు నేను లెక్కలేనన్ని చూశాను. అన్నీ ఒకటే తీరు. రంగుల షామియానా, మజ్జిగ ప్యాకెట్లు, పోలీసులు. ముందు వరస కుర్చీల్లో తెల్ల చొక్కాలు. వాళ్లు ముందే వస్తారు, ముందే మాట్లాడతారు, ముందే పోతారు. వెనక నేల మీద ఆడవాళ్లు. మైకు ముందు వరసకు దగ్గరగా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు ఒకటే చెబుతాను, పొద్దున్నే పోయి ఆ మైకును వెనక్కి జరిపించండి. ఇదేం పెద్ద సంస్కరణ కాదు, కానీ నా ఉద్యోగంలో నేను చేసిన పనికొచ్చే పనుల్లో అదొకటి.

ఆ రోజు కూడా జరిపించాను. అయినా మొదట మైకు అందుకున్నది గని కార్మికులు. అందులో ప్రసాదు ఉన్నాడు. గనిలో మోటారు ఆపరేటరు, మా చర్చి గాయక బృందంలో పాడతాడు. నాకు రెండు బెంచీల ముందు కూర్చుంటాడు.

"అక్కా" అన్నాడు. మేడమ్ అనలేదు. "గని ఆ వైపుకు పోకుంటే మమ్మల్ని తీసేస్తారు. నాకు చేను లేదు, బర్రె లేదు. నాకొచ్చింది మోటారు పనొక్కటే. బాయి గురించి మీరు రాయండి. మా గురించి గూడా రాయండి."

అతను చెప్పిందంతా రాసుకున్నాను. అతని వెనకాలే ఓబులమ్మ లేచింది. చేతిలో రాగి చెంబు, నిండా నీళ్లు. తొణకకుండా నడుచుకుంటూ వచ్చింది. మైకు పట్టుకోవడం తెలీక దాన్ని పక్కకు తోసేసి, వేదిక మీదున్న నాకే చెప్పింది. అయినా అందరికీ వినపడింది.

"ఇదిగో మా బాయి నీళ్లు. నువ్వెప్పుడొచ్చినా సీసా తెచ్చుకుంటావ్. మా నీళ్లు మంచియ్యో కాదో తాగకుండా ఎట్ల రాస్తావ్? తాగి చెప్పు మేడమ్."

చెంబు నా చేతికి చాచింది. చేతికే. పైనుంచి పోయడం కాదు. మేము ఏమోళ్లమో తెలిసి కూడా, ఊరంతా చూస్తుండగా. మా అవ్వ గుర్తొచ్చింది. చేతులు బల్ల మీదే ఉంచుకున్నాను. ముందు వరసలో కంపెనీ వకీలు నా వైపే చూస్తూ పెన్ను మూత తీశాడు.

"తాగను ఓబులమ్మా" అన్నాను. "ఇప్పుడు తాగితే నా రాత చెల్లదు."

వెనక నుంచి ఎవరో "థూ" అన్నారు. ఎవరో నవ్వారు. ఓబులమ్మ మాత్రం నన్నే చూస్తోంది.

"రాస్తావా మల్ల?"

"రాస్తాను."

"సరే. రాసినంక వచ్చి తాగు" అని, ఆ చెంబును అలాగే, ఒక్క చుక్క కారకుండా వెనక్కి తీసుకెళ్లింది.

బెంచీ ఖాళీ

రాశాను. బావి వైపు గని లోతుకు పోకూడదని, అటున్న మోటార్లు ఆపాలని రాశాను. ప్రసాదు మాటలు కూడా రాశాను, పని పోయేవాళ్లకు దారి చూపమని. పై ఆఫీసులో మొదటిది ఒప్పుకున్నారు. రెండోది మన పరిధిలోకి రాదన్నారు. సుబ్బాచారి విషయంలో విన్న మాటే అది. బావికి ఏమవుతుందని అడగడానికి ఒక ఆఫీసు ఉంది, పని పోయినవాడికి ఏమవుతుందని అడగడానికి నా ఉద్యోగమంతా వెతికినా ఒక కుర్చీ కనపడలేదు. గనుల రాబడిలో ఊరికి రావలసిన వాటా వచ్చింది. దాంతో ఊరి ముందు స్వాగత తోరణం కట్టారు.

బావి వైపు తవ్వకం, మోటార్లు ఆగిపోయాయి. ప్రసాదుతో పాటు ఆ వైపు పనిచేసేవాళ్లను తీసేశారు. నన్నూ దూరం వేశారు, అది నాకు అలవాటే. కొన్నేళ్లకు తిరిగొచ్చి ఆదివారం చర్చికి పోతే, ప్రసాదూ వాళ్లావిడా నేను కూర్చునే వైపు నుంచి లేచి అవతలి వైపు బెంచీలకు మారారు. ఇంకో రెండు కుటుంబాలు కూడా. పాస్టరు గారు ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి కలగాలని, చెప్పుకోండి అన్నప్పుడు చుట్టూ అందరూ చేతులు కలుపుకుంటుంటే నేను ముందున్న చెక్క మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. క్రిస్మస్‌కు మా వీధిలో ఇంటింటికీ పిండివంటల ప్లేట్లు తిరుగుతాయి. ఆ ఏడాది నేను పంపినవన్నీ కడిగి ఖాళీగా తిరిగొచ్చాయి. మామూలుగా అయితే ఖాళీ ప్లేటు పంపరు, చక్కెరైనా వేసి పంపుతారు. ఆ ప్లేట్లు గూట్లో సర్దుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాను. నేను పెళ్లి చేసుకోలేదు, ఇంట్లో వినేవాళ్లెవరూ లేరు, గట్టిగానే ఏడ్చాను.

తప్పు రాశానా? లేదు. ఇప్పుడు రాయమన్నా అదే రాస్తాను. ప్రసాదు నన్ను తిట్టడమూ తప్పు కాదు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లకు ఇది ముందే తెలియాలి. సరైనది రాసినందుకు ఎవరూ దండలు వెయ్యరు. దండలు వేసేవాళ్లున్నారంటే ఏదో అనుమానించాల్సిందే.

ఇంక ఓబులమ్మ దగ్గరికి పోలేదు. పోవడానికి లేదు. కంపెనీ అప్పీలుకు పోయింది, ఫైలు నడుస్తోంది, ఆ ఊళ్లో నేను నీళ్లు ముట్టానంటే మొదటికే మోసం. ఒకటి ముగిస్తే ఇంకొకటి. అలా రిటైరయ్యేదాకా నడిచింది.

మెట్లు

రిటైరైనాక కొన్ని నెలలు ఇంట్లోంచి కదల్లేదు. ఫోను మోగదు. మోగితే కరెంటు బిల్లు. పొద్దున లేస్తే సాయంత్రం దాకా నాతో మాట్లాడేది రేడియోనే. ఒక రోజు పొద్దున అలవాటు కొద్దీ సీసా నింపి, ఎక్కడికి పోవాలో తెలీక దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది, ఒక చోట నాకు నీళ్లు బాకీ ఉన్నాయని. కోయిలకుంట్ల బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరికి పోయాను.

తోరణం దాటగానే కొత్త గది, దాని మీద నీళ్ల ప్లాంటు అని బోర్డు. కంపెనీవాళ్లే కట్టించారు. ఆడవాళ్లు క్యాన్లు నింపుకుని స్కూటీల మీద పోతున్నారు. బావి వైపు దారిలో గడ్డి మొలిచింది.

బావి నిండుగా ఉంది. పైనుంచి కొన్ని మెట్లు మాత్రమే బయటికి కనపడుతున్నాయి. నీళ్ల మీద వేపాకులు. చుట్టూ ఒక్క మనిషి లేదు.

ఓబులమ్మ ఇల్లు పక్కనే. అరుగు మీద కూర్చుని ఉంది, మోకాళ్లకు ఏదో నూనె రాసుకుంటోంది. బాగా చిక్కిపోయింది. నన్ను కాసేపు పోల్చుకోలేదు.

"యావూరమ్మా?"

"నంద్యాల. సీసా మేడమ్‌ను."

ఆమె నూనె చేతులతోనే నా రెండు చేతులూ పట్టుకుంది. "ఓ తల్లీ! ఇన్నాల్లకా? రాసినంక రమ్మంటి గదా నిన్ను!"

"డ్యూటీలో ఉన్నాను."

"దిగిపోతివా?"

"దిగిపోయాను."

పక్కన కూర్చోబెట్టుకుంది. కొడుకు కోడలు బనగానపల్లెలో ఉన్నారట, నెలకోసారి వస్తారట. "బాయి నిండుగా ఉంది కదా" అన్నాను.

"ఉండాది. ఏం జేసుకుంటారు? అందురూ ఆ క్యాను నీళ్లే. నేను గూడా అయ్యే తాగుతాండా. ఈ మోకాళ్లతో ఎవురు దిగుతారు? తెచ్చిచ్చేటోల్లు ఎవురుండారు?" మోకాలు రుద్దుకుంటూ అంది, "పీర్లను కడిగేదానికి పండక్కొకసారి వస్తారు. ముందర నీళ్లు పైకి పైకి వస్తాంటే ఎంత సంబరపడేటోల్లం! ఇప్పుడు ఎప్పుడూ ఉండాయి గదా, పిలకాయలు సూసేది గూడా లేదు. ఆ సంబరం పోయె."

ఆ మాట నన్ను గట్టిగా తాకింది. ఆ బావిని నేను కాపాడాను. ఆ సంబరాన్ని తీసేసింది కూడా నేనే. రెండూ నా చేతుల మీదుగానే జరిగాయి. ఆమె నన్ను తప్పుపట్టి అనలేదు, మామూలుగా అంది. అందుకే ఇంకా బాధేసింది.

"చెంబుందా ఇంట్లో?" అన్నాను.

రాగి చెంబు దేవుడి గూట్లో ఉంది. తీసుకుని బావి దగ్గరికి పోయాను. పై మెట్టు మీద చెప్పులు విడిచాను. ఏ ఊరి బావి మెట్లూ నేను అప్పటిదాకా నీళ్ల కోసం దిగలేదు. మా అవ్వ దిగలేదు, మా అమ్మ దిగలేదు. నా మోకాళ్లేం తక్కువ తినలేదు, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగాను. వేపాకులు పక్కకు తోసి చెంబు ముంచాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. చీర అంచు తడిసిపోయింది.

పైకొచ్చి ముందు ఆమెకిచ్చాను. ఓబులమ్మ నా చేతిలోంచి చెంబు అందుకుంది. అందరూ చేసినట్టు ఎత్తి పోసుకోలేదు, అంచుకు నోరు ఆనించి, కళ్లు మూసుకుని, గుటకలు గుటకలుగా తాగింది. సగం తాగి ఆగింది. పైట కొంగుతో మూతి తుడుచుకుని, చెంబును తుడవకుండా అలాగే నాకు చాచింది.

"తాగు. ఇప్పుడెవురూ సూడరులే."

నేను అటూ ఇటూ చూశాను, పాత అలవాటు. నిజంగానే ఎవరూ లేరు. మిగిలిన సగం ఆపకుండా తాగేశాను. కొంచెం సున్నపు రుచి తగిలింది.

"ఎట్ల ఉండాయి?" అంది.

ఇన్నేళ్లలో ఎన్ని ఊళ్ల నీళ్ల గురించో ఎన్నో పేజీలు రాశాను. "బాగున్నాయి ఓబులమ్మా" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "ఈ మాట చెప్పేదానికి ఇన్నాల్లు పట్టెనా తల్లీ నీకు!" అని, ఖాళీ చెంబు తీసుకుని మళ్లీ నా చేతిలో పెట్టింది. "పో, ఇంకొక చెంబు తేపో."